కొండమీది గవ్వలు

కొండమీద గవ్వలు దొరికితే చాలు, నోవహు ఓడ నిజమనో మత్స్యావతారం నిజమనో చంకలు గుద్దుకునేవాళ్ళున్నారు. వాళ్ళు ఎడ్మండ్ మొయిసిసోవిచ్ సంగతి తెలుసుకోవాలి.

1839లో వియన్నాలో పుట్టిన ఈయన చదివింది న్యాయశాస్త్రం. పిచ్చి మాత్రం కొండలది. ఆస్ట్రియా భూగర్భ సర్వేలో చేరాడు. ఆల్ప్స్‌లోని డోలమైట్ కొండలు ఒకప్పటి పగడపు దిబ్బలని 1879లో పెద్ద పుస్తకమే రాశాడు. ఆ దిబ్బల అంచులు పక్కనున్న బురద పొరల్లోకి నాలుకల్లా చొచ్చుకుపోయి ఉంటాయి. అంటే దిబ్బ పెరుగుతూనే ఉంది, పక్కన బురద పేరుకుంటూనే ఉంది. ఒక్క వరద తెచ్చి పోస్తే అలా ఉండదు.

పొరల వయసు కట్టడానికి అమ్మొనైట్ శిలాజాలను నమ్ముకున్నాడు. (మన దేవుడిగూట్లో సాలగ్రామాలు చాలావరకు అవే. హిమాలయాల అమ్మొనైట్లమీద ఆయన రాసింది 1899లో భారత భూగర్భ సర్వే అచ్చేసింది.)

సైన్సు మాట మారుస్తుంది కదా అంటారు. అవును, మార్చింది. నోరియన్ పొరలు కార్నియన్ పొరల కింద ఉన్నాయని 1869లో చెప్పిన ఈయనే, 1892లో కాదు పైనున్నాయన్నాడు. ఇరవైమూడేళ్ళు పట్టింది! ఒప్పుకుంటూనే వాటి పేరు మార్చబోతే, తోటి ఉద్యోగి బిట్నర్ ఊరుకోలేదు. చివరికి బిట్నర్ మాటే నెగ్గింది. నేటి పట్టికల్లో కార్నియన్ పైన ఉన్నది నోరియనే.