నోట్‌ప్యాడ్‌లో తెలుగు పోకుండా

అమ్మమ్మ పాడే పాటలను కంప్యూటరు నోట్‌ప్యాడ్‌లో వ్రాసి దాచుకొనే సోదరీమణులకు ఒక మాట. మరునాడు ఫైలు తెరిస్తే తెలుగుకు బదులు వింత అక్షరాలు కనిపించాయా? కంగారుపడి మళ్ళీ సేవ్ చేయకండి. ‘ఓపెన్’లో ఎన్‌కోడింగ్ వద్ద యు.టి.ఎఫ్–8 ఎంచుకొని తెరవండి. చాలావరకు పాట తిరిగి దక్కుతుంది.

అన్నీ ప్రశ్న గుర్తులే అయితే మాత్రం ఆ ఫైలులో అక్షరాలు పోయినట్టే. ‘ఆన్సీ’ పద్ధతిలో తెలుగు లిపికి చోటు లేదు. అందులో సేవ్ చేయబోతే పాత నోట్‌ప్యాడ్ ముందే హెచ్చరిస్తుంది. చదవకుండా ‘ఓకే’ నొక్కకండి. నొక్కారా? తెర మీద తెలుగు ఇంకా కనిపిస్తుంటే, ఫైలు మూయకముందే ‘సేవ్ యాజ్’లో యు.టి.ఎఫ్–8 పెట్టి మళ్ళీ దాచండి.

2019లో వచ్చిన విండోస్ 10 సవరణ నుంచి కొత్త ఫైళ్ళకు ఆ పద్ధతి దానంతటదే వస్తోంది. అంతకు పాత యంత్రమైతే ఆ జాగ్రత్త మీదే.