నొప్పులు రాకముందే ఓసారి చూసి రండి

పెళ్లికి కల్యాణ మండపం మాట్లాడాలంటే ఇంటిల్లిపాదీ వెళ్లి చూసొస్తాం. వంటశాల ఎక్కడ, నీళ్లకు ఇబ్బంది లేదు కదా, కరెంటు పోతే జనరేటర్ ఉందా అని ఆరాలు తీస్తాం. మరి కాన్పు జరగబోయే ఆస్పత్రి సంగతి? చాలామంది అమ్మాయిలు లేబర్ రూమ్‌ని మొదటిసారి చూసేది నొప్పులు పడుతూ లోపలికి వెళ్లేటప్పుడే. అప్పుడు ఏదైనా అడిగే ఓపికా ఉండదు, వేరేచోటికి వెళ్లే వ్యవధీ ఉండదు.

మన ఇళ్లలో ఇంకో చిక్కు కూడా ఉంది. తొలి కాన్పు పుట్టింట్లోనే అన్నది ఆనవాయితీ. నెలనెలా చూసిన డాక్టరు ఒకరు, పురుడు పోసే డాక్టరు మరొకరు. సీమంతం చేయించుకుని వచ్చిన పిల్లకి ఆ ఆస్పత్రీ కొత్తే, అక్కడి మనుషులూ కొత్తే. "మీ అక్కకీ అక్కడే అయింది, నీకెందుకే భయం" అంటుంది అమ్మ. ధైర్యం చెప్పడం మంచిదే. కానీ నొప్పులు పడేది ఈ అమ్మాయి కదా!

ఆ మధ్య మా చెల్లెలితో కలిసి ఒక నర్సింగ్ హోమ్ చూడ్డానికి వెళ్లాను. అడగ్గానే గదుల అద్దె కాగితం చేతిలో పెట్టారు. ఏసీ అయితే ఇంత, నాన్ ఏసీ అయితే ఇంత. "రాత్రిపూట డాక్టరుగారు ఇక్కడే ఉంటారా?" అని మా చెల్లెలు అడిగితే, "అవన్నీ మీకెందుకమ్మా, మేం చూసుకుంటాం" అన్నారు. మాకు కావలసిన జవాబు ఆ మాటలోనే దొరికింది. వేరే ఆస్పత్రి చూసుకున్నాం.

ఇంత పట్టుదల ఎందుకంటారా? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశం మొత్తం మీద నూటికి 21 కాన్పులు సిజేరియన్లు. ఆంధ్రప్రదేశ్‌లో 42, తెలంగాణలో 60! ప్రైవేటు ఆస్పత్రుల వరకే చూస్తే తెలంగాణలో 81. అవసరమైనప్పుడు ఆపరేషన్ తల్లినీ బిడ్డనీ కాపాడుతుంది, కాదనడం లేదు. కానీ ఇన్ని అవసరమా? అందుకే, "మీ దగ్గర నూటికి ఎన్ని మామూలు కాన్పులు అవుతాయి?" అని ముందే అడగాలి. అడిగితే డాక్టరుగారు ఏమనుకుంటారో అని మొహమాటపడొద్దు.

ఇంకా అడగాల్సినవి ఉన్నాయి. అర్ధరాత్రి ఆపరేషన్ చేయాల్సివస్తే మత్తు డాక్టరు ఎంతసేపట్లో వస్తారు? రక్తం ఎక్కడి నుంచి తెస్తారు? పసిబిడ్డకి ఊపిరి అందకపోతే చూసే డాక్టరు, పరికరాలు ఉన్నాయా? నొప్పులప్పుడు అటూ ఇటూ నడవనిస్తారా? పుట్టిన గంటలోపు తల్లిపాలు పట్టిస్తారా? చెప్పిన ఖర్చులో మందులు కలిశాయా, విడిగానా? లేబర్ రూమ్ ఖాళీగా ఉన్నప్పుడు గుమ్మం దగ్గర నుంచైనా చూపించమనండి. లోపల ఎవరైనా ఉంటే మాత్రం పట్టుబట్టకండి, ఆ తల్లి మరుగు ఆమెకి కావాలి.

సర్కారు దవాఖానాకి వెళ్లేవాళ్లకీ ఈ మాటే. 2011లో వచ్చిన జననీ శిశు సురక్షా పథకం కింద అక్కడ కాన్పు, సిజేరియన్, మందులు, పరీక్షలు, రక్తం అన్నీ ఉచితం. లోపల తోడుగా ఇంటి ఆడమనిషిని ఉండనివ్వాలని 2016లోనే కేంద్రం చెప్పింది. ఈ సంగతి తెలిసి అడిగేవాళ్లు తక్కువ. ప్రతినెలా 9వ తేదీన గర్భిణులకు అక్కడ ఉచిత పరీక్షలుంటాయి. ఆ రోజు వెళ్లినప్పుడే వార్డు, బాత్రూములు చూడండి, సిస్టర్లతో నాలుగు మాటలు మాట్లాడండి.

పుట్టబోయే బిడ్డ కోసం మెత్తటి పాత చీరలు ఉతికి మడతపెట్టుకుంటాం. ఆ మూటలోనే స్కానింగ్ రిపోర్టులు, బ్లడ్ గ్రూపు కాగితం కూడా పెట్టుకుని, నెలలు నిండకముందే ఓ పూట ఆస్పత్రికి వెళ్లి రండి. అమ్మనో అత్తగారినో వెంట తీసుకెళ్లండి. కుదిరితే మీవారినీ రమ్మనండి. బిడ్డ ఇద్దరిదీ కదా!