మాస్టారి మాట: పై చదువుకు నారుమడి

పిల్లలూ!

చదువు ఎంతవరకని అడిగితే మీలో చాలామంది "ఇంజనీరింగు దాకా" అంటారు. ఆ తరువాత కూడా చదువు ఉన్నది. ఆ చదువు చదివిన ఒక తెలుగు రైతుబిడ్డ సంగతి చెబుతాను, వినండి.

దబ్బల రాజగోపాల రెడ్డిగారు 1937లో, అప్పటి చిత్తూరు జిల్లాలోని కాటూరు గ్రామంలో పుట్టారు. ఆ ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటివారు ఆయనే. 1958లో మద్రాసులోని గిండీ కాలేజీలో సివిల్ ఇంజనీరింగు పూర్తిచేశారు. అంటే వంతెనలూ, భవనాలూ కట్టే విద్య. తరువాత ఆస్ట్రేలియాలో ఎం.టెక్. చదివి, అక్కడే ఒక కంప్యూటరు కంపెనీలో పనిచేశారు. ఆ రోజులలో కంప్యూటరంటే గది నిండా పట్టే యంత్రం. అటుపైన అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో చేరి, 1966లో డాక్టరేటు పొందారు.

మనిషి మాటను యంత్రం గుర్తుపట్టేలా చేయడం ఎట్లా? ఆయన పరిశోధన ఇదే. ఇవాళ మీరు సెల్‌ఫోనుతో మాట్లాడితే అది అక్షరాలు వ్రాస్తున్నది కదా! ఆ విద్యకు తొలి బాటలు వేసినవారిలో ఆయన ఒకరు. 1969లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యులుగా చేరారు. 1994లో కంప్యూటరు శాస్త్రంలో అన్నిటికన్నా గొప్పదైన ట్యూరింగ్ బహుమానం ఫైగెన్‌బామ్‌గారితో కలిసి అందుకున్నారు.

మరి ఇటువంటి చదువులో చేర్చుకునే ముందు ఏమేమి చూస్తారు? మన ఐ.ఐ.టి.లలో ఎం.టెక్.కు ముఖ్యంగా 'గేట్' పరీక్ష మార్కులు చూస్తారు. అవి మూడేళ్ళు చెల్లుతాయి. అమెరికాలో డిగ్రీ మార్కులూ, ఇంగ్లీషు పరీక్షా, ఏమి చదవదలచుకున్నామో స్వయంగా వ్రాసిన వ్యాసమూ, సాధారణంగా మూడు సిఫారసు ఉత్తరాలూ అడుగుతారు.

ఈ సిఫారసు పలుకుబడితో వచ్చేది కాదు. 'లెక్క కుదరనప్పుడు ఈ విద్యార్థి ఏం చేశాడు? ప్రయోగశాలలో ఎట్లా పనిచేశాడు?' అని గురువు తన కళ్ళతో చూసినది వ్రాయాలి. నాలుగేళ్ళూ నోరు మెదపని పిల్లవాణ్ణి గురించి ఏ గురువు మాత్రం ఏం వ్రాయగలడు? మన దాచేపల్లి రైతులు మిరప కోతలనాడు నారు పోయరు కదా! ఆ ఉత్తరానికి నారుమడి మీ తరగతి గదే.

తల్లిదండ్రులకు ఒక మాట. అమెరికాలో ఎం.ఎస్.కు చాలామంది సొంత డబ్బు పెట్టుకోవలసి వస్తుంది. డాక్టరేటుకు చేరిన ఇంజనీరింగు విద్యార్థులకు మాత్రం చాలాచోట్ల ఫీజు తీసివేసి, ఆచార్యుల వద్ద పనిచేసినందుకు భృతి కూడా ఇస్తారు. బి.టెక్. కాగానే నేరుగా డాక్టరేటుకు చేర్చుకునే విశ్వవిద్యాలయాలూ ఉన్నాయి. పత్తి చేను బేరం పెట్టే ముందు ఈ తేడా తెలుసుకోండి. ఆ చదువు మీద పిల్లకు, పిల్లవానికి నిజంగా మనసున్నదో లేదో అదీ అడగండి.

పిల్లలూ, ఈ నెలలో ఒక పని చేయండి. పాఠాలలో మీకు అర్థంకాని ప్రశ్నలు పది నోటుబుక్కులో వ్రాసుకుని, రోజుకొకటి మీ మాస్టారిని అడగండి.