రెండో సమాధానం

మన బడిలో పిల్లలు తరగతుల్లో ఉన్న రెండు గంటలసేపూ బయట కూర్చునే తల్లిదండ్రుల కబుర్లు ఎక్కువగా మూడు విషయాల చుట్టూ తిరుగుతాయి. వీసాలు, ఇళ్ళ ధరలు, సినిమాలు. ఎప్పుడో ఒకసారి ఎవరో పుస్తకాల మాట ఎత్తుతారు. ఇక ఆ రోజు బడి వదిలినా ఒక పట్టాన ఎవరూ లేవరు. తెలుగులో ఇంతవరకూ వచ్చినవాటిలో అన్నిటికన్నా గొప్ప పుస్తకం ఏది అన్న ప్రశ్న అలాంటిది. ఒకరు 'వేయిపడగలు' అంటారు. ఇంకొకరు వెంటనే 'మహాప్రస్థానం' అంటారు. 'కన్యాశుల్కం' ఉండగా మరొకటి ఎలా చెబుతారండీ అని మూడోవారు అడ్డు తగులుతారు. చలం పేరు వచ్చిందంటే కుర్చీలు మరికాస్త దగ్గరికి జరుగుతాయి.

ఈ వాదన కొత్తదేమీ కాదు. 1934లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు వారు నవలల పోటీ పెట్టి, బహుమతిని విశ్వనాథ సత్యనారాయణ గారి 'వేయిపడగలు'కూ, అడివి బాపిరాజు గారి 'నారాయణరావు'కూ కలిపి పంచారు. పండితులే ఒక్కదానితో సరిపెట్టుకోనప్పుడు మనం తేల్చగలమా? తేల్చనక్కరలేదు కూడా. వాదించుకోవడంలోనే సగం ఆనందం ఉంది. నా అభ్యంతరం వాదన మీద కాదు. ఆ వాదనలో పైకి వచ్చిన పేర్లనే తీసుకెళ్ళి మన పిల్లల ముందు పెట్టడం మీద.

ఎన్నో ఆదివారాలు ఈ చర్చ విన్నాక నాకు తోచింది ఇది. ఈ ప్రశ్నకు ప్రతివారి దగ్గరా రెండు సమాధానాలుంటాయి. మొదటిది నలుగురిలో చెప్పేది. అది చెప్పేటప్పుడు మనిషి కాస్త నిటారుగా కూర్చుంటాడు. రెండోది చాలాసేపటికి, కాఫీ రెండో కప్పు దగ్గర, "నిజం చెప్పాలంటే" అన్న మాటతో మొదలవుతుంది. "నిజం చెప్పాలంటే, యండమూరి 'తులసిదళం' చదివిన రాత్రి లైటు ఆర్పలేదండీ." "యద్దనపూడి 'సెక్రటరీ' మా అమ్మ బీరువాలో చీరల కింద దాచేది. నేను అక్కడినుంచి తీసి చదివేదాన్ని." "వారపత్రికలోంచి సీరియల్ కాగితాలు చింపి, దారంతో కుట్టి దాచుకున్నాం." ఈ మాటలు చెప్పేటప్పుడు ముఖాలు చూడాలి. ఇరవై ఏళ్ళు వెనక్కి వెళ్ళిపోతారు. ఏ పేజీ దగ్గర అమ్మ భోజనానికి పిలిచిందో కూడా గుర్తుంటుంది. అదే మొదటి సమాధానం గురించి అడిగితే, అందులో సగం మంది కథ మధ్యలో ఆగిపోతారు.

మన పిల్లలకు మనం ఎప్పుడూ చేరవేసేది మొదటి సమాధానాన్నే. రెండోదాన్ని మనలోనే దాచుకుంటాం.

దీని ఫలితం చూడాలంటే మన బడి పుస్తకాల బీరువా తెరిస్తే చాలు. ఇండియాకు తిరిగి వెళ్ళిపోతూ కొందరు, ఇల్లు మారుతూ కొందరు ఎంతో ప్రేమగా ఇచ్చిన పుస్తకాలవి. ఎవరు ఏది తీసుకెళ్ళారో రాసే నోటుపుస్తకం చూసుకునే పని నాది. దాదాపు వెయ్యి పేజీల 'వేయిపడగలు' ఎదురుగా ఇప్పటిదాకా ఒక్క పిల్లవాడి పేరు కూడా లేదు. ఉంటుందనుకోవడం కూడా అన్యాయమే. వారానికి రెండు గంటలు తెలుగు చదివే పదమూడేళ్ళ పిల్లకు, ఒత్తులు కూడబలుక్కునే దశలో, ఆ పుస్తకం కొండంత ఎత్తు. అదే బీరువాలో 'బుడుగు' అట్ట రెండుసార్లు ఊడితే టేపు అంటించాం. ముళ్ళపూడి వెంకటరమణ గారు చిన్నపిల్లవాడి నోటితో, వాడి లెక్క ప్రకారమే ప్రపంచాన్ని చెప్పించారు. బాపు గారు బొమ్మలు వేశారు. సీగానపెసూనాంబ పేరు పలకడానికే మా మూడో తరగతి పిల్లలు పోటీలు పడతారు. అక్షరం దిద్దించడానికి నేను నెల రోజులు పడే పాట్లు ఆ ఒక్క పేరు పడింది.

ఇక్కడ పెద్దలు కొందరు నన్ను మందలిస్తారు. "తేలిక పుస్తకాలు అలవాటు చేస్తే రుచి చెడిపోదా? మంచి సాహిత్యం ఎప్పుడు చదువుతారు?" అంటారు. న్యాయమైన ప్రశ్నే. కానీ మన సంగతే చూసుకుందాం. మనలో ఎవరం 'వేయిపడగలు'తో మొదలుపెట్టాం? చందమామలో భేతాళుడి ప్రశ్నతో మొదలుపెట్టాం. అక్కడినుంచి రోజుకింత అని అద్దెకిచ్చే షాపుల్లో డిటెక్టివ్ నవలలకు వచ్చాం. ఆ తరవాత వారపత్రికల సీరియళ్ళు. ఇంజనీరింగ్ హాస్టల్లో ఏ సీనియర్ గదిలోనో శ్రీశ్రీ దొరికాడు. మెట్టు తరవాత మెట్టు ఎక్కాం గనుకనే పైన ఏముందో చూడగలిగాం. కింది మెట్లన్నీ తీసేసి, పైనుంచి పిల్లల్ని రమ్మని పిలిస్తే ఎలా వస్తారు?

పైగా తేలిక తెలుగు అంటే తక్కువ తెలుగు కాదు. 'చదువు' వంటి నవల రాసిన కొడవటిగంటి కుటుంబరావు గారు 1952 నుంచి 1980లో మరణించేదాకా చందమామను తీర్చిదిద్దారు. అంతటి రచయిత దాదాపు ఇరవై ఎనిమిదేళ్ళు పిల్లలకు అర్థమయ్యే వాక్యం కోసం కష్టపడ్డారంటే ఆ పని చిన్నదని ఎలా అనుకుంటాం? అచ్చు చందమామ ఇప్పుడు రావడం లేదు. ఆ మెట్టు విరిగింది కనుక మన బాధ్యత ఇంకా పెరిగింది.

మరి ఏమివ్వాలి? నన్నడిగితే కాస్త పెద్ద పిల్లలకు మొక్కపాటి నరసింహశాస్త్రి గారి 'బారిష్టరు పార్వతీశం' మొదటి భాగం ఇస్తాను. దాదాపు వందేళ్ళ నాటి పుస్తకం. మొగల్తూరు కుర్రాడు ఇంగ్లండు వెళ్ళి బారిష్టరు కావాలని బయలుదేరి, ఆడవాళ్ళ టోపీ కొనుక్కుని దర్జాగా పెట్టుకుంటాడు. పరాయి దేశపు తిండి, పరాయి మర్యాదలు, అడుగడుగునా తికమక. మొదటిసారి విమానం దిగిన మన కథ కాదూ అది? మన పిల్లలకు మనం చెప్పుకోని మన తికమకలన్నీ అందులో ఉన్నాయి. వాళ్ళు పార్వతీశాన్ని చూసి నవ్వుతూ నవ్వుతూ మనల్ని కొంచెం అర్థం చేసుకుంటారు.

రెండోది, ఎవరి ఊరి పుస్తకం వాళ్ళకు. మన బడిలో కరీంనగర్ పిల్లలున్నారు, నెల్లూరు పిల్లలున్నారు, చిత్తూరు పిల్లలున్నారు. పాఠ్యపుస్తకంలో ఉండేది ఒక్క తెలుగే. ఫోనులో నాయనమ్మ మాట్లాడేది ఇంకో తెలుగు. "మా నాయనమ్మ తప్పు మాట్లాడుతుందా అంకుల్?" అని ఒక పిల్ల నన్ను అడిగింది. ఆ పిల్లకు జవాబు పుస్తకంలోనే చూపించాలి. తెలంగాణ పల్లె మాట అచ్చులో ఎంత నిండుగా ఉంటుందో దాశరథి రంగాచార్య గారి 'చిల్లర దేవుళ్లు'లో చూడొచ్చు. చిత్తూరు మాటకు నామిని గారి 'మిట్టూరోడి కథలు', నెల్లూరు మాటకు ఖదీర్‌బాబు గారి 'దర్గామిట్ట కథలు' ఉన్నాయి. ఒక్కొక్క పేజీ చదివి వినిపిస్తే చాలు, తన ఇంటి మాట అచ్చులో ఉందన్న ధైర్యం వస్తుంది. మన గొప్ప పుస్తకాల వాదనల్లో ఈ పేర్లు తరచుగా చివర్లోనే వస్తాయి. ఇంటి భాషను మొదట నిలబెట్టేవి మాత్రం ఇవే.

"అంత కష్టమెందుకు, ఇంగ్లీషు అనువాదాలు ఇస్తే పోలేదా?" అనేవారూ ఉన్నారు. ఇవ్వాలి, తప్పకుండా. 'కన్యాశుల్కం'కు వెల్చేరు నారాయణరావు గారి అనువాదం 2007లో అమెరికాలోనే అచ్చయింది. 'గర్ల్స్ ఫర్ సేల్' అని దాని పేరు. కాలేజీ పిల్లలకు అది మంచి దారి. కానీ గిరీశం గొప్పలన్నీ తెలుగులో కలిపేసే ఇంగ్లీషులోనే ఉన్నాయి. మొత్తం నాటకం ఇంగ్లీషైతే ఆ కలగలుపు చెవికి ఎలా తెలుస్తుంది? 1909 నాటి పుస్తకంలో, సగం తెలుగు సగం ఇంగ్లీషుగా, అచ్చం తమలాగే మాట్లాడేవాడొకడు ఉన్నాడని మన పిల్లలకు తెలియాలంటే తెలుగులోనే వినాలి. చదవడం రాకపోతే మనం చదివి వినిపించాలి.

నా ప్రతిపాదన అదే. ప్రతి తరగతి చివర పది నిమిషాలు ఒక పెద్ద ఒక పుస్తకం చదివి వినిపించాలి. పరీక్ష లేదు, ప్రశ్నలు లేవు, నీతివాక్యం అసలే లేదు. లెక్క వేసి చూశాను, అలవాటు పోదు కదా. సత్యం శంకరమంచి గారి 'అమరావతి కథలు' మొత్తం 100. ఎక్కువభాగం పది నిమిషాల్లో అయ్యేంత చిన్నవి. మనకు ఏడాదికి సుమారు 30 తరగతులు. వారానికి ఒకటి చొప్పున, వయసుకు తగినవి ఏరుకుని చదివినా, మూడేళ్ళు తిరిగేసరికి పిల్లలు కృష్ణ ఒడ్డున ఒక ఊరిని, ఆ ఊరి మనుషుల్ని ఎరిగి ఉంటారు. పైసా ఖర్చు లేదు.

అయితే చదివే పెద్దకు ఒక్కటే షరతు. తెచ్చేది మొదటి సమాధానం కాకూడదు, రెండోది కావాలి. 'తులసిదళం' పదేళ్ళ పిల్లలకు వినిపించమని కాదు. వయసు చూసుకోవాల్సిందే. కానీ ఏ పుస్తకం చదువుతుంటే మీకు ఇప్పటికీ నవ్వు ఆగదో, గొంతు పట్టేస్తుందో అది తీసుకురండి. గౌరవంతో తెచ్చిన పుస్తకానికీ, ఇష్టంతో తెచ్చిన పుస్తకానికీ తేడా పిల్లలు మొదటి పేజీలోనే పసిగడతారు.

ఎవరూ నేర్పకుండానే తెలుగు వచ్చేసినవాళ్ళం మనం. ఈ దేశంలో మన ఇళ్ళలో అలాంటివాళ్ళు మనతోనే ఆఖరు. మన తరవాత ఈ బీరువా తాళం ఎవరు తీస్తారన్నది ఏ పుస్తకం గొప్పదన్న దాన్నిబట్టి తేలదు. ఒక పుస్తకం పట్టుకుని అమ్మో నాన్నో నవ్వడం పిల్లలు చూశారా లేదా అన్నదాన్నిబట్టి తేలుతుంది. వేసవి సెలవుల తరవాత బడి తెరిచే మొదటి ఆదివారం నుంచే మొదలుపెడదాం. బీరువా దగ్గర నోటుపుస్తకంలో కొత్త పేజీ పెట్టాను. మీ పేరు, దాని పక్కన మీ రెండో సమాధానం రాయండి. వేయిపడగలా మహాప్రస్థానమా అన్న వాదన హాల్లో ఎప్పటిలాగే సాగించుకుందాం. నా ఓటు ఎటో అక్కడే చెబుతాను.