దయ్యము వేసిన ప్రశ్న

కొరవి గోపరాజు 15వ శతాబ్దమున ‘సింహాసన ద్వాత్రింశిక’ను రచించి, విక్రమార్కుని కథలను తెలుగువారికి అందించినాడు. ఆయన ఇంటిపేరే పేరుగా గల కొరవి గ్రామము 2016 వరకు వరంగల్లు జిల్లాలోనిదే. ఆ విక్రమార్కునితో ముడిపడిన బేతాళుడు శవమును ఆవహించిన భూతము. అయినను అతడు రాజును బెదరించి ఊరకుండలేదు. కథ చెప్పి ప్రశ్న వేసినాడు. సమాధానము తెలిసియు చెప్పకున్న తల పగులునన్నాడు. షేక్స్పియరు ‘హామ్లెట్’లోని ప్రేతము తన హత్యను గూర్చిన నిజమును వెల్లడించుటకే వచ్చినది. 1949 నాటి హిందీ చిత్రము ‘మహల్’లో దయ్యమని భ్రమింపజేసిన యువతి కడకు తోటమాలి కుమార్తెగా తేలినది.

ఉత్తమ కళలో దయ్యము ఆలోచనను రేపును. మూఢనమ్మకములో అదే దయ్యము ఆలోచనను చంపును. బాణామతి నెపమున అమాయకులను చంపిన దారుణములు తెలంగాణ పల్లెలు ఎరుగనివి కావు. కావున ఉపాధ్యాయులు దయ్యపు కథలను తరగతినుండి వెలివేయనక్కరలేదు. కథ ముగిసిన పిదప “చూచినవారెవరు? ఋజువేమి?” అని విద్యార్థులచే అడిగింపవలెను. నిజము తెలిసినవారు మౌనము వహించినచో కథలో పగులునది రాజు తల; ఊరిలో పగులునది నిరపరాధి తల.