వాడుక భాష గెలిచింది, వ్యాకరణం వెనకబడింది

గ్రీకుకూ తెలుగుకూ చుట్టరికం లేదు. ఒకటి ఇండో-యూరోపియన్ కుటుంబానిది, రెండోది ద్రావిడ కుటుంబానిది. అక్కడో మాట ఇక్కడో మాట ఒకేలా వినిపించిందని పోలికలు వెతికేవాళ్లూ, ఏది ఎక్కువ పాతదో లెక్కలు తీసేవాళ్లూ ఎప్పుడూ ఉంటారు. వాళ్ల మానాన వాళ్లను వదిలేద్దాం. ఈ రెండు భాషలనూ పక్కపక్కన పెట్టి చూడాల్సిన సంగతి వేరే ఉంది. బడిలో, పుస్తకంలో, సర్కారు కాగితంలో ఉండాల్సింది జనం మాట్లాడే భాషా, పండితులు రాసే భాషా అనే తగువు రెండు చోట్లా ఇంచుమించు ఒకే కాలంలో నడిచింది. ఒకే సమాజంలో రెండు అంతస్తుల భాష ఉండే ఈ స్థితికి చార్లెస్ ఫెర్గూసన్ 1959లో ‘డైగ్లాసియా’ అని పేరుపెట్టి నాలుగు ఉదాహరణలు చూపాడు. అందులో గ్రీకు ఒకటి. తెలుగును అయిదోదిగా చేర్చి ఉంటే ఎవరూ తప్పుపట్టేవారు కాదు. చివరికి రెండు చోట్లా వాడుక భాషే గెలిచింది. కానీ గ్రీకుల గెలుపు చూశాక మన గెలుపు సగంలో ఆగిపోయిందనిపిస్తుంది. కథల్లో, పత్రికల్లో దానికి ఏ లోటూ లేదు. బడి వ్యాకరణం దగ్గర, సర్కారు దస్తావేజు దగ్గర మాత్రం అది గుమ్మం బయటే ఉంది.

ముందుగా ఒక భ్రమ తొలగాలి. రెండు చోట్లా సనాతనమని చెప్పి కాపాడబోయిన వచన భాష నిజానికి కొత్తగా తయారైందే. గ్రీకులో ‘కాథరేవుసా’కు దారి వేసినవాడు 1833లో చనిపోయిన కొరాయిస్. జనం నోట్లోని భాషను తీసుకుని, టర్కిష్ మాటలు ఏరేసి, ప్రాచీన రూపాలు అద్ది శుభ్రం చేయాలన్నది ఆయన ఆలోచన. కొత్తగా స్వాతంత్ర్యం వచ్చిన రాజ్యానికి అది నచ్చింది, తర్వాతివాళ్లు ఆ శుద్ధిని ఇంకా ముందుకు తీసుకెళ్లారు. మన దగ్గర చిన్నయసూరి నీతిచంద్రిక 1853లో, బాలవ్యాకరణం 1858లో వచ్చాయి. అంతకుముందు తెలుగు వచనం అలా ఉండేది కాదు. 1830-31లో కాశీకి వెళ్లొచ్చిన ఏనుగుల వీరాస్వామయ్య యాత్రాచరిత్ర తెరిచి చూస్తే మాట్లాడే భాషకు ఎంత దగ్గరగా ఉందో తెలుస్తుంది. గిడుగు రామమూర్తి పదేపదే చూపించింది ఇదే. పద్యానికి చేసిన వ్యాకరణాన్ని తెచ్చి వచనం నెత్తిన పెట్టారు, ఆ తర్వాత దాన్నే సంప్రదాయమన్నారు.

పోరు మొదలుపెట్టిన ఇద్దరూ భాషాశాస్త్రం తెలిసినవాళ్లే కావడం యాదృచ్ఛికం కాదనుకుంటాను. పారిస్‌లో పాఠాలు చెప్పుకునే ప్సిఖారిస్ 1888లో ‘నా ప్రయాణం’ రాసి జనభాషకు జెండా ఎత్తాడు. పర్లాకిమిడిలో పిల్లలకు చదువు చెబుతూ సవర భాష నేర్చుకుని దానికి వ్యాకరణం రాసినవాడు గిడుగు. లిపే లేని భాషకూ పక్కా నియమాలుంటాయని చెవులారా విన్న మనిషికి మాట్లాడే తెలుగు ‘గ్రామ్యం’ ఎలా అవుతుంది? ఏథెన్స్‌లో తగువు నెత్తుటిదాకా వెళ్లింది. 1901లో ఒక పత్రిక మత్తయి సువార్తను వాడుక గ్రీకులో ధారావాహికగా వేయడంతో విద్యార్థులు వీధికెక్కారు, ఎనిమిదిమంది చనిపోయారు, ప్రభుత్వం పడిపోయింది. 1911 రాజ్యాంగంలో అధికార భాషను చెడగొట్టే ప్రయత్నాలు నిషిద్ధమని రాసుకున్నారు. అదే ఏడు మద్రాసులో జయంతి రామయ్య పంతులు గ్రాంథికం పక్షాన ఆంధ్ర సాహిత్య పరిషత్తు స్థాపించారు. మనవాళ్లు అర్జీలతో, కమిటీలతో, సభల్లో వాదాలతో కొట్టుకున్నారు. స్కూల్ ఫైనల్ వ్యాసం వాడుక భాషలో రాయొచ్చన్న వెసులుబాటు కొద్దికాలానికే పోయింది. 1914లో గురజాడ విశ్వవిద్యాలయ కమిటీకి రాసిచ్చిన అసమ్మతి పత్రం ఆ పోరాటంలో ఓడినవాళ్ల వాదన. ఇవాళ చదివితే గెలిచినవాళ్ల వాదనలా ఉంటుంది.

తేడా ఆ తర్వాత వచ్చింది. గ్రీసులో భాష ప్రభుత్వంతోపాటు మారింది. 1917లో వెనిజెలోస్ ప్రభుత్వం ప్రాథమిక బడుల్లో వాడుక భాష పెట్టింది, 1920లో ఆయన ఓడగానే తీసేశారు. మధ్యలో ఒక విచిత్రం జరిగింది. మెటాక్సాస్ అనే నియంత కాలంలోనే వాడుక గ్రీకుకు వ్యాకరణం రాసే పని త్రియాంతాఫిల్లిదిస్‌కు అప్పజెప్పారు, అది 1941లో అచ్చయింది. 1967లో సైనికాధికారులు గద్దెనెక్కి కాథరేవుసాను మళ్లీ బడుల మీద రుద్దారు. 1974లో వాళ్లు కూలిపోయాక ఆ భాషకూ వాళ్ల మసే అంటింది. 1976లో చట్టం చేసి వాడుక భాషను చదువుకు భాషగా చేశారు, పాలనలోకీ అదే వచ్చింది. ఆ చట్టం కాగితం మీద మిగిలిపోకుండా అమలు కావడానికి కారణం ముప్పై అయిదేళ్ల ముందే సిద్ధంగా ఉన్న వ్యాకరణం. దాన్నే కుదించి బడిపిల్లల చేతుల్లో పెట్టారు.

మనకు అలాంటి చట్టం రాలేదు, అవసరమూ పడలేదు. పత్రికలు, నవలలు, సినిమా కలిసి పని కానిచ్చేశాయి. లిపిలో ఇది బాగా కనిపిస్తుంది. అచ్చుతో మొదలయ్యే ప్రతి గ్రీకు మాట మీదా ఊపిరి గుర్తు ఒకటి పెట్టాల్సి వచ్చేది. ఆ గుర్తు సూచించే ఉచ్చారణ పోయి వెయ్యేళ్లు దాటినా పిల్లలు ఏ మాటకు ఏ గుర్తో బట్టీ పట్టారు. 1982లో ప్రభుత్వం ఉత్తర్వు ఇస్తే గానీ అది వదల్లేదు. మన అరసున్న కూడా అలాంటిదే. ఏనుఁగులో, వాఁడులో అది ఎవరి నోటా పలకదు, కానీ వేయకపోతే తప్పనేవారు. దాన్ని ఏ ప్రభుత్వమూ రద్దు చేయలేదు. పత్రికల కంపోజింగ్ గదుల్లోంచి బండి ‘ఱ’తో పాటు అది ఎప్పుడు వెళ్లిపోయిందో కూడా ఎవరూ గమనించలేదు. ఇలా ఎవరూ ఆజ్ఞాపించకుండా జరిగిన మార్పు గొప్పదే. అయితే పత్రిక చేరని చోటికి అది చేరలేదు.

పదో తరగతి తెలుగు వాచకం చూడండి. పాఠం ఆధునిక వచనంలో ఉంటుంది. వెనక వ్యాకరణంలో మాత్రం పుంప్వాదేశం, రుగాగమం, గసడదవాదేశం. ‘రేపు వస్తానని రవి చెప్పాడు’ అనే వాక్యం ఆ పిల్లవాడు రోజూ వాడతాడు. చెప్పింది రవి గురించి, క్రియ మాత్రం ‘వస్తాను’ అని ఉత్తమపురుషలో ఉంది. ఎందుకు? అనుకృతి వాక్యాల్లోని ఈ సూక్ష్మాన్ని చేకూరి రామారావు 1975లో ‘తెలుగు వాక్యం’లో చర్చించారు. బడికి అది రాలేదు. భద్రిరాజు కృష్ణమూర్తి, గ్విన్ కలిసి రాసిన ఆధునిక తెలుగు వ్యాకరణం 1985లో వచ్చింది, ఇంగ్లీషులో. ఇక రిజిస్ట్రారు ఆఫీసులో ఇల్లు కొన్నవాడికి దక్కే దస్తావేజు ‘సదరు’తో నడిచి, ‘పుత్రపౌత్ర పారంపర్యముగా’ అనుభవించమని ముగుస్తుంది. సగం పారసీ, సగం గ్రాంథికం. చిన్నయసూరి కూడా దీన్ని ఒప్పుకోడు.

వాడుక వ్యాకరణం వస్తే పాత కావ్యాలు దూరమవుతాయని కొందరంటారు. గ్రీసులోనూ ఈ భయమే వినిపించింది. 1976 తర్వాత కింది తరగతుల్లో ప్రాచీన గ్రంథాలను అనువాదంలో చెప్పారు, కొన్నేళ్లకు మూలభాషను మళ్లీ తెచ్చారు. హోమర్ ఎక్కడికీ పోలేదు. బాలవ్యాకరణం పద్యం చదవడానికి కావాలి, అక్కడే ఉంచాలి. రెండో అభ్యంతరం ఇంతకన్నా బలమైనది. గ్రీకు ఒక స్వతంత్ర దేశానికి ఏకైక అధికార భాష, తెలుగు నెత్తిన ఇంగ్లీషు ఉంది. నిజమే. మాట్లాడేవాళ్లు వాళ్లు కోటీ పాతిక లక్షలకు అటూఇటూ, మనం 2011 జనగణన ప్రకారం దేశంలోనే ఎనిమిది కోట్ల పైన. అయినా చదువులో, కోర్టులో ఆ సంఖ్య పనికిరావడం లేదు. కానీ అర్థంకాని తెలుగుకూ ఇంగ్లీషుకూ మధ్య ఎంచుకోమంటే తండ్రి ఇంగ్లీషునే ఎంచుకుంటాడు, ఆ పోటీలో తెలుగును ముందే ఓడించేది ఈ దస్తావేజు తెలుగే.

మూడోది నాకు అన్నిటికన్నా పట్టింపున్న ప్రశ్న. ఎవరి వాడుక? కృష్ణా, గుంటూరు, గోదావరి చదువరుల మాట ‘శిష్ట వ్యావహారికం’ పేరుతో అందరిదీ అయింది, తెలంగాణ, రాయలసీమ, ఉత్తరాంధ్ర నుడి పక్కకు పోయింది. గ్రీసు ఈ విషయంలో ఆదర్శం కాదు. అక్కడా గెలిచిన వాడుక భాష పోంటిక్, త్సకోనియన్ మాండలికాలను ఇంటికే పరిమితం చేసింది. సైప్రస్ పిల్లలు ఇంట్లో ఒకటి మాట్లాడి బడిలో ఇంకొకటి చదువుతారు. మనం ఇక్కడ వాళ్లకన్నా మెరుగ్గా చేయొచ్చు, ముడిసరుకు ఉంది. కృష్ణమూర్తి సంపాదకత్వంలో వ్యవసాయ వృత్తి పదకోశం 1962లోనే వచ్చింది, జిల్లా జిల్లా తిరిగి రైతుల నోటి మాటలు పోగేసిన పుస్తకమది. చేస్తున్నాడు, చేస్తుండు, చేస్తాండాడు అనే మూడింటినీ ఒక వరుసలో వేసి, క్రియ కట్టు ఎక్కడ ఒకటో, ఎక్కడ విడిపోయిందో వివరించే పేజీ ఒకటి రెండు రాష్ట్రాల వాచకాల్లోనూ రుగాగమం పక్కన వేయొచ్చు. దానికి పరీక్షలో నాలుగు మార్కులు పెడితే పిల్లలు చదువుతారు కూడా.