ధరణికోట రేవులో మనకూ చోటుంది

పోయిన ఎండాకాలం సెలవుల్లో మేము బళ్ళారి కంటోన్మెంట్ నుంచి గుంటూరు పక్క ఒక పెండ్లికి పోయినాం. అక్కడ మా పిల్లలు నోరు తెరిస్తే చాలు, నవ్వులు. "మీది కన్నడ తెలుగు కదమ్మా" అని ఒక పెద్దావిడ మా పాప బుగ్గ పట్టుకుని అంది. ఆమె ముద్దుగానే అంది. కానీ ఇంటికి వచ్చేదాకా పాప మళ్ళీ తెలుగులో మాట్లాడలేదు. "నేను కన్నడలోనే మాట్లాడతా. అందులో ఎవరూ నవ్వరు" అంది.

మాకు ఏం చెప్పాలో తోచలేదు. మేమూ చదివింది కన్నడ మీడియంలోనే. తెలుగు అక్షరాలు అవ్వ దగ్గర, పాత క్యాలెండర్ చూసి నేర్చుకున్నాం.

ఆ పెండ్లి మరుసటి రోజే అమరావతికి పోయినాం. అమరేశ్వరుడి గుడి, స్తూపం, మ్యూజియం, ధ్యాన బుద్ధుడు అన్నీ చూసినాం. పక్కనే ఉన్న ధరణికోటలో మాత్రం కారు ఆపి మజ్జిగ తాగి వచ్చేసినాం. పాపకు చెప్పాల్సిన జవాబు అక్కడే ఉందని ఇంటికి వచ్చి చదివినాక తెలిసింది.

ధరణికోట పాత పేరు ధాన్యకటకం. కృష్ణ కుడి గట్టున ఉంది. నది వెంబడి పోతే సముద్రం నూరు కిలోమీటర్ల పైనే. అయినా అది రేవు. 1962 నుంచి 1965 దాకా పురావస్తు శాఖ అక్కడ తవ్వితే పడవలు వచ్చే కాలవ, దాని ఒడ్డున సరుకు దించే కట్ట బయటపడ్డాయి. ఆ కట్టను మొదట కట్టె స్తంభాలతో కట్టినారు, తర్వాత ఇటుకలతో. లోపల చుట్టూ సన్నటి చుక్కల వరసలున్న నున్నటి పళ్ళేల పెంకులు దొరికాయి. పుదుచ్చేరి దగ్గరి అరికమేడులోనూ, శ్రీలంకలోనూ దొరికే రకమే అవి. శాతవాహన రాజు యజ్ఞశ్రీ సీసం నాణేల మీద రెండు తెరచాపల కొయ్యలున్న ఓడ బొమ్మ కొట్టించినాడు. ఆ కాలం రేవు అది.

ఇక భాష సంగతి. మేము రోజూ చేసే పని సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ఎవరైనా "ఇది ఇట్లే ఉంటుంది" అంటే, చూపించండి అంటాం. "అక్కడిది అసలు తెలుగు, మీది కలిసిన తెలుగు" అన్న మాటనూ అట్లే చూద్దాం. అమరావతి స్తూపానికి రాళ్ళు ఇచ్చిన వాళ్ళు ఆ రాళ్ళ మీద పేర్లు చెక్కించుకున్నారు. ఎవరి బిడ్డ, ఏ ఊరు, ఏం పని అని రాయించినారు. అందులో విధికుడు అనే తోలుపని ఆయన కూడా ఉన్నాడు. పూర్ణకుంభం చెక్కిన రాయి ఇచ్చినాడు. వాళ్ళు రాయించింది తెలుగులో కాదు, ప్రాకృతంలో. అక్కడి ఒక రాతి ముక్క మీది "నాగబు" అనే ఒక్క మాటను తొలి తెలుగు మాటల్లో ఒకటిగా పండితులు చూపిస్తారు. అంటే మన భాష మొదట కనబడేదే వేరే భాషల నడుమ. రేవు అంటే అంతే కదా. నలుగురు వచ్చే చోట నాలుగు మాటలు కలుస్తాయి.

మన బళ్ళారికి, ఆ ఊరికి ఒక పాత కాగితం సంబంధం కూడా ఉంది, కాకపోతే అది రాగి కాగితం. నాలుగో శతాబ్దం మొదట్లో పల్లవ శివస్కందవర్మ యువరాజుగా ఉన్నప్పుడు కంచి నుంచి ధాన్యకటకంలోని అధికారికి ఒక ఆజ్ఞ పంపినాడు. ఆ రేకులు నరసరావుపేట పక్క మైదవోలులో దొరికాయి. అదే శివస్కందవర్మ రాజైనాక ఇచ్చిన ఇంకో శాసనం హిరేహడగలిలో దొరికింది. 2021లో విజయనగర జిల్లా ఏర్పడేదాకా ఆ ఊరు మన బళ్ళారి జిల్లాలోనే ఉండేది. అందులో ఈ పక్క సీమ పేరు సాతాహని రట్ఠం. రెండు రేకులూ ప్రాకృతమే. 1953లో ఇక్కడ గీత గీసి ఇటు మైసూరు, అటు ఆంధ్ర అన్నారు. ఆ రేకుల నాటికి ఆ గీత ఎక్కడుంది?

మా ఇంట్లో పెద్దవాళ్ళు ఒప్పుకోరు. "ఇట్లా సర్దిచెబుతూ పోతే పిల్లలకు రెండు తరాల్లో తెలుగే ఉండదు" అంటారు. ఆ భయం నిజమే. ధరణికోట కాలవ కూడా మేట వేసి పూడిపోయింది, పడవలు రావడం ఆగిపోయింది. ఏడో శతాబ్దంలో హ్యూయన్‌త్సాంగ్ వచ్చేసరికి అక్కడి ఆరామాలు చాలావరకు పాడుబడి ఉన్నాయి. కానీ ఊరు పోలేదు. తర్వాత కోట రాజులు అక్కడి నుంచే ఏలినారు. 1344లో శ్రీలంకలోని గడలదెనియ శాసనం ధాన్యకటకంలో ఒక విహారాన్ని బాగు చేయించిన సంగతి చెబుతుంది. 1798లో మెకంజీ స్తూపం చూసినాడు, 1859లో దాని రాళ్ళు ఓడెక్కి లండన్ పోయాయి. కాబట్టి భాషను కాపాడాలంటే మేట తీస్తూ ఉండాలి, అంటే ఇంట్లో రోజూ మాట్లాడాలి, చదివించాలి. నవ్వడం వల్ల మాత్రం మేట తీయబడదు. నవ్వితే పిల్లలు ఆ దోవకే రారు.

మన లాంటి కుటుంబాలకు మా మాట ఒకటే. పిల్లలను అమరావతికి తీసుకుపోతే ధరణికోటలో ముందు దిగండి. రాజుల పేర్లు తర్వాత చెప్పవచ్చు, రేవు సంగతి ముందు చెప్పండి. మన హగరి నీళ్ళు తుంగభద్రలో కలిసి, అది కృష్ణలో కలిసి, ఆ ఊరి ముందే పోతాయని చూపించండి.

మొన్న ఆదివారం మేము పాపకు విధికుడి రాయి సంగతి చెప్పి, నీ రాయి మీద ఏం రాయిస్తావ్ అని అడిగినాం. పేరు, అమ్మ పేరు, నాయన పేరు, ఊరు కంటోన్మెంట్, పని ఐదో తరగతి అని తెలుగులో రాసింది. తలకట్లు అన్నీ కన్నడ మాదిరి అడ్డంగా పెట్టింది. కొన్ని వందల ఏళ్ళు రెండు భాషలకూ ఒకే లిపి ఉండేది కదా. మేము దిద్దలేదు. రేపు ఇంకో వాక్యం రాయమన్నాం.